దెజాకి ఒసాము టీవీ సిరీస్‌లు చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? (చర్చ)

పాతక్యాసెట్:
దాదాపు మూడు వారాలుగా రాత్రి పిల్లని పడుకోబెట్టాక రోజుకో ఎపిసోడ్ చొప్పున ‘తకరజిమా’ చూస్తున్నాను. ట్రెజర్ ఐలాండ్ కథే. 1978 అక్టోబరులో జపాన్ టీవీలో మొదలైన 26 ఎపిసోడ్ల యానిమేషన్ సిరీస్. కాలక్షేపానికని పెట్టా. కథలోని ఒంటికాలి ఓడదొంగ సిల్వర్ తెర మీదికి వచ్చాక ఫోన్ పక్కన పడేశాను. కదులుతున్న బొమ్మ ఉన్నట్టుండి ఆగిపోయి కుంచెతో వేసిన పటంలా మారిపోతుంది. మొదటిసారి నెట్ ఆగిందనుకుని రౌటర్ కూడా ఆపి వేశా, నవ్వకండి.

డైరెక్టర్ పేరు వెతికితే దెజాకి ఒసాము. 1943లో టోక్యోలో పుట్టాడు, 2011 ఏప్రిల్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. మధ్యలో సినిమాలూ తీశాడు గానీ మనిషి ప్రధానంగా టీవీవాడే. యానిమేషన్ సినిమాలు తీసే మియాజాకి పేరు మా అమ్మాయి స్కూల్లో టీచర్లకి కూడా తెలుసు. ఈయన పేరు నేను నలభై దాటాక విన్నాను. మీలో ఎవరికి ఎక్కడ తగిలాడు, ఏ వరసలో చూడాలి, ఏవి వదిలేయొచ్చు, అన్నీ చెప్పండి. ఒక్కటే మనవి: నేనింకా 19లో ఉన్నా, కథ చెప్పేయొద్దు.

ఫహాహీల్_పిల్ల:
అయ్యో, ఈ పేరు తెలుగులో చదువుతానని అనుకోలేదండీ! మాది రాజోలు దగ్గర. నాన్న కువైట్‌లో ఒక కంపెనీలో అకౌంట్లు చూసేవారు, నా చిన్నతనమంతా ఫహాహీల్‌లోనే. 90ల్లో టీవీలో ఇదే సిరీస్ అరబిక్‌లో వచ్చేది, ‘జజీరత్ అల్ కంజ్’ అని. మన ఊళ్లో పిల్లలకి ఆదివారం పొద్దున దూరదర్శన్ మోగ్లీ ఎలాగో అక్కడి పిల్లలకి ఇది అలాగ. స్కూల్లో నేర్పిన నాలుగు అరబిక్ ముక్కలతో సగం అర్థమయ్యేది, మిగతా సగం సిల్వర్ గొంతు చూసుకునేది. చాలా ఏళ్లు అది అరబ్బులే తీశారనుకున్నా. జపాన్‌దని పెళ్లయ్యాక మా ఆయన చెప్తే పందెం కాసి మరీ ఓడిపోయా.

చివరి ఎపిసోడ్‌లో జిమ్ పెద్దవాడయ్యాక

పాతక్యాసెట్:
ఆగండి ఆగండి ఆగండి.

ఫహాహీల్_పిల్ల:
సారీ అండీ 😀 అయ్యాక రండి, మాట్లాడుకుందాం.

కీఫ్రేమ్_కిట్టు:
హైదరాబాద్‌లో పదకొండేళ్లుగా యానిమేషన్‌లో ఉన్నా, ఎక్కువగా బయటి దేశాల టీవీ సిరీస్‌లకి క్లీనప్, అంటే గీసిన బొమ్మల గీతలు శుభ్రంగా దిద్దడం. రౌటర్ ఆపించిన ఆ బొమ్మ సంగతి నేను చెప్తా.

ముందు లెక్క. ఫిల్మ్ సెకనుకి 24 ఫ్రేములు. 22 నిమిషాల ఎపిసోడ్‌కి ఫ్రేముకో బొమ్మ గీస్తే 31,680 కావాలి. 1963 జనవరి 1న ‘ఆస్ట్రో బాయ్’ మొదలుపెట్టినప్పుడు తెజుకా ఒసాము గారి ముషి ప్రొడక్షన్ మూడు ఫ్రేములకి ఒకే బొమ్మ వాడింది. వాడిన బొమ్మని దాచుకుని మళ్లీ వాడింది, వీలైన చోట నోరొక్కటే కదిపింది. మూడింటికొకటి వేసినా 10,560. వారం వారం ఎవరు గీస్తారు? అందుకే సగం షాట్లు కదలకుండా నిలబడేవి. దెజాకి ఆ ఏడాదే ముషిలో చేరాడు. అంతకుముందు హైస్కూల్లో మాంగా (జపాన్ బొమ్మల కథలు) గీశాడు, కొన్నాళ్లు తోషిబాలో ఉద్యోగం చేశాడు.

బొమ్మ ఆగిపోయిందని ప్రేక్షకుడికి తెలియకుండా చూడటం అక్కడ అందరి తంటా. ఈయన మాత్రం ఆగినచోటే మనల్ని కూర్చోబెట్టాడు. మామూలుగా పాత్ర సెల్ (పారదర్శకమైన రేకు) మీద చదును రంగుల్లో ఉంటుంది, వెనక దృశ్యం కాగితం మీద పోస్టర్ రంగుల్లో ఉంటుంది. సీన్ పండే క్షణానికి ఈయన పాత్రని కూడా బ్యాక్‌గ్రౌండ్ వేసినట్టే కుంచెతో వేయిస్తాడు. వాళ్ల భాషలో దాని పేరు హార్మనీ. ‘తకరజిమా’కి ఆర్ట్ డైరెక్టర్ కొబయాషి షిచిరో. బొమ్మల బాధ్యత సుగినో అకియోది. ఈ సుగినో దెజాకికి దాదాపు జీవితాంతం కుడిచెయ్యి.

ఇక సముద్రం మీద ఆ మెరుపులు. నల్ల కాగితానికి చిల్లులు పొడిచి, కెమెరా స్టాండు కింద నుంచి లైటు వేసి, అదే ఫిల్మ్ మీద రెండోసారి తీస్తారు. మేమిప్పుడు మౌస్‌తో రెండు నిమిషాల్లో చేసేస్తాం, అయినా అలా రాదు.

ఒకప్పుడు నేను పనిచేసిన చోట (పేరు అనవసరం) ఒక షాట్ రెండు సెకన్లు ఆపి ఉంచుదామన్నా. “క్లయింట్ డబ్బులిచ్చేది కదలడానికి బాబూ” అన్నారు. ఆ రాత్రి ఇంటికొచ్చి దెజాకి తీసిన బాక్సింగ్ సిరీస్ ‘జో’ మళ్లీ చూశా.

సెకండ్‌షో_శీను:
ఒకే షాట్ టపటపా మూడుసార్లు చూపించడం కూడా ఈయనదే కదా? మరి మన డైలీ సీరియల్ డైరెక్టర్లందరూ దెజాకి శిష్యులే. అత్తగారి మొహం మూడుసార్లు, కోడలి మొహం మూడుసార్లు, పని మనిషి మొహం కూడా మూడుసార్లు. ఆ ఢాం ఢాం ఢాంతో మా నాయనమ్మకి బీపీ వచ్చింది.

కీఫ్రేమ్_కిట్టు:
శీను బ్రో 😂 తేడా ఉంది. సీరియల్లో ఆ మూడూ నిమిషాలు నింపడానికి. ఇక్కడ మూడూ కలిపినా సెకను కొంచెం దాటుతుందేమో. జో గుద్దు పడ్డప్పుడు కెమెరా అదే బొమ్మ మీద మూడుసార్లు ఒకే వైపుకి జారుతుంది. గుద్దు ఒకటే, తగిలినట్టనిపించేది మూడుసార్లు. బొమ్మ ఖర్చు కూడా ఒక్కదానిదే. ప్రొడ్యూసర్‌కీ ఆనందమే.

ఒప్పుకోవాల్సింది ఇంకోటుంది. చివరి ఏళ్లలో ఇది అలవాటుగా మారిపోయింది. అవసరం ఉన్నా లేకపోయినా మూడుసార్లు. 2009లో చేసిన ‘గెంజి’ 11 ఎపిసోడ్లు చూస్తుంటే నాకు అక్కడక్కడా శీను వాళ్ల నాయనమ్మ గుర్తొచ్చింది.

యమనోతే_యాదగిరి:
అన్నా, నేను టోక్యోల ఏడేండ్ల సంది ఉంటున్న. నాకు ‘అషితా నో జో’ దెల్వది, ఆఫీసుల ఒక పెద్దమనిషి చెప్పిండు. ఆయనకు అరవై దాటినయి. జో పేరెత్తంగనే కుర్చీల నిటారుగ కూసుండు. ఒక ఆదివారం నన్ను మినామి సెంజు దిక్కు తోల్కపోయిండు. కథల జో ఉండే జాగ గదే. నమిదబాషి అంటే కన్నీళ్ల వంతెన. వంతెనైతే ఇప్పుడు లేదు, నాలుగు తొవ్వలు కలిసే కాడ పేరొక్కటే మిగిలింది. ఆ పక్కనే సన్య, రోజు కూలీలు ఉండే బస్తీ. ఇరోహా అని అంగళ్ల గల్లీ, ఆడ 2012ల జో బొమ్మ నిలబెట్టిండ్రు. నేను పోయిన్నాడు ఒక ముసలాయన ఆ బొమ్మ పక్కన కూసొని డబ్బా కాఫీ తాగుతుండు. ఫొటో తీస్త అంటే సైగ చేసి పక్కకు జరిగిండు.

అటెనుక ఇంటికొచ్చి చూసిన. 1970 ఏప్రిల్ల మొదలైంది, 79 ఎపిసోడ్లు. దెజాకి అప్పటికి 26 ఏండ్లోడు! నేను 26ల ఏం జేసిన? బెంచి మీదున్న.

ఇంకో ముచ్చట. జోకు ఎదురు నిలబడే రికిషి అని బాక్సర్ మాంగాల సచ్చిపోతే, 1970 మార్చి 24న మాంగా అచ్చేసే కోదన్షా ఆఫీసుల నిజంగనే అంత్యక్రియలు చేసిండ్రు. దాన్ని నడిపించింది కవి తెరయామా షూజీ. ఏడు వందల మంది దాక వచ్చిండ్రట. గంత మంది ఏడ్చిన మనిషిని మళ్ల టీవీల బతికున్నోని లెక్క చూపెట్టి, సచ్చేది అందరికి తెలిసి కూడ చూసేటట్టు చెయ్యాలె. సిరీస్ డైరెక్టర్‌గ దెజాకి మొదటి పని గదే.

పాతక్యాసెట్:
యాదగిరి గారూ, నాకు చెప్పొద్దన్నది ‘తకరజిమా’ గురించే గానీ... సరే, రికిషి పోయాడన్నమాట.

యమనోతే_యాదగిరి:
అన్నా తప్పైంది. యాభై ఏండ్లయింది గద అనుకున్న.

తెల్లకాగితం:
అందరూ హారతులు పడుతున్నారు, నేను కొంచెం నీళ్లు చల్లుతా. నేను ఇకెదా రియోకో మాంగాల వీరాభిమానిని. ‘వెర్సాయ్ గులాబీ’ టీవీ సిరీస్ 1979 అక్టోబరు నుంచి మరుసటి సెప్టెంబరు దాకా వచ్చింది, 40 ఎపిసోడ్లు. మొదటి 18 నాగహామా తదావో చేశారు, 19 నుంచి దెజాకి. క్రెడిట్లు చూడకుండా కూడా ఎక్కడ చేతులు మారాయో పట్టేయొచ్చు. అప్పటిదాకా వెలుగులు, మెరుపులు, చిలిపి సరదాలు. తర్వాత సాయంత్రపు ఎండలు, పొడుగాటి నీడలు, నీళ్లలో తళుకులు. మాంగాలో కన్నీళ్ల మధ్యలో కూడా నవ్వించే గడులుంటాయి, ఆయన వాటిని తుడిచేశాడు. పుస్తకం ప్రేమించినవాళ్లకి అది చిన్న నష్టం కాదు. వేరేవాళ్ల ఇంట్లో కాపురానికొచ్చి గోడలన్నిటికీ తన రంగు వేసుకున్నట్టు అనిపించింది నాకు.

అంత తిట్టి ఇప్పుడు నిజం చెప్తాను. రెండో సగం నాలుగుసార్లు చూశా. మొదటి సగం ఒక్కసారే.

కీఫ్రేమ్_కిట్టు:
😀 నమస్కారం పెట్టాల్సిన రివ్యూ ఇది.

మధ్యలో అందుకోవడం ఎంత కష్టమో కూడా చూడండి. పాత్రల డిజైన్లు, గొంతులు, పాటలు అన్నీ అప్పటికే కుదిరిపోయి ఉంటాయి. వచ్చే వారం ఎపిసోడ్ ఆగదు. కొత్త డైరెక్టర్ చేతిలో మిగిలేది స్టోరీబోర్డు ఒక్కటే. షాట్ ఎంతసేపు, కెమెరా ఎటు, ఎక్కడ మాట ఆపాలి, అన్నీ అందులోనే తేలిపోతాయి. జపాన్ టీవీలో ఎపిసోడ్ డైరెక్టర్ వేరు, స్టోరీబోర్డు గీసేవాళ్లు వేరు, బొమ్మలు దిద్దే యానిమేషన్ డైరెక్టర్ వేరు, అందరి మీదా సిరీస్ డైరెక్టర్. దెజాకి సిరీస్ డైరెక్టర్‌గా ఉంటూనే స్టోరీబోర్డులు కట్టలు కట్టలుగా తనే గీసేవాడు. క్రెడిట్లలో ‘సకి మకుర’ అని కనిపిస్తే అదీ ఈయనే.

సెకండ్‌షో_శీను:
మ్యాడ్‌హౌస్ స్టూడియో పెట్టింది కూడా ఈయనే అని చదివా. మరి ఓనర్ అయ్యుండి వేరేవాళ్ల సిరీస్‌లు ఎందుకు పట్టుకోవడం?

కీఫ్రేమ్_కిట్టు:
ఒక్కడే కాదు బ్రో. 1972లో మరుయామా మసావో, రింతారో, కవజిరి యోషియాకి, ఈయన, ఇలా ముషి నుంచి బయటికొచ్చినవాళ్లు కలిసి పెట్టుకున్నది. ఆ మరుసటి ఏడాదే ముషి దివాలా తీసింది. 1973లో చేసిన టెన్నిస్ సిరీస్ ‘ఏస్ ఓ నెరాఏ’ మొదటిసారి వచ్చినప్పుడు పెద్దగా ఆడలేదు, 26 ఎపిసోడ్లతో ముగిసింది. తర్వాత రీరన్లలో పిల్లలు ఎగబడి చూశారు, 1979లో దాన్నే ఈయన సినిమాగా తీశాడు. అప్పటికప్పుడు డబ్బులొచ్చే వ్యవహారం కాదు కాబట్టి పని వచ్చిన చోటికి వెళ్లడమే. 1980 ప్రాంతంలో సుగినోతో కలిసి ‘అన్నాపురు’ అని ఇంకో స్టూడియో పెట్టాడు. హిమాలయాల్లో అన్నపూర్ణ శిఖరం పేరే అది. మనకి మాత్రం ఆ పేరు వినగానే వేరే స్టూడియో గుర్తొస్తుంది.

తర్వాత చేసినవి చూస్తే తల తిరుగుతుంది. 1980లో ‘జో 2’, 82లో ‘కోబ్రా’. 84లో అమెరికా ఏబీసీ ఛానెల్‌కి ‘మైటీ ఆర్బాట్స్’, 13 ఎపిసోడ్లకే ఆగిపోయింది. తర్వాత లుపిన్ టీవీ స్పెషల్స్. 2001 నుంచి నాలుగేళ్లు ఏడాదికొకటి చొప్పున హామ్‌తారో సినిమాలు. అవును, ఆ చిట్టెలుకే. జో తీసిన చేత్తోనే.

తెల్లకాగితం:
1991లో ‘ఒనీసామా ఎ’ మర్చిపోయారు. ఎన్‌హెచ్‌కే శాటిలైట్‌లో 39 ఎపిసోడ్లు, అది కూడా ఇకెదా గారి మాంగానే. పోల్చి చూసుకోవడానికి దీనంత మంచిది లేదు, మొదటి నుంచీ ఆయన చేతిలోనే ఉంది. కాకపోతే ఒకేసారి కూర్చుని చూడొద్దు. నేను చూసి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

నిమ్మతొనలు:
కొంచెం పక్కదారి. పైన మోగ్లీ మాట వచ్చింది కదా, దాని డైరెక్టర్ ఎవరో ఎవరికైనా తెలుసా? కురొకవా ఫుమియో. 1989లో మొదలైంది, 52 ఎపిసోడ్లు. మనందరం పాట నోటికి వచ్చేదాకా చూశాం, పాట రాసింది గుల్జార్ అని కూడా తెలుసు, డైరెక్టర్ పేరు ఈ థ్రెడ్ చదివి ఇప్పుడే వెతుక్కున్నా. సిగ్గేసింది.

దెజాకి చూసేవాళ్లు తకహాతా ఇసావో ‘హైదీ’ కూడా పక్కన పెట్టుకుని చూడాలి. 1974, 52 ఎపిసోడ్లు. ముందు ఏడాదే స్విట్జర్లాండ్ వెళ్లి ఊళ్లు చూసొచ్చి మరీ చేశారు. అక్కడ రొట్టె మీద చీజ్ కరిగి జారడం కూడా ఓపిగ్గా కదిపి చూపిస్తారు. ఒకాయన చీజ్ కదిపాడు, ఒకాయన మనిషిని ఆపాడు. వారం గడువు మాత్రం ఇద్దరికీ ఒకటే.

పాతక్యాసెట్:
26 అయిపోయింది. ఇక్కడేమీ రాయను. ఫహాహీల్ గారికి విడిగా మెసేజ్ పెట్టా, ఆవిడ తిరిగి ఏడుపు బొమ్మలు పదహారు పంపారు.

ఇప్పుడు దెజాకిదే ‘రెమి’ మొదలుపెట్టాం. 1977, 51 ఎపిసోడ్లు, ఈసారి మా అమ్మాయి కూడా కూర్చుంది. దీన్ని అప్పట్లో త్రీడీలా కనిపించేలా తీశారని చదివాను. ఒక కంటికి నల్ల అద్దం పెట్టుకుని చూస్తే, పక్కకి జరిగే బ్యాక్‌గ్రౌండ్ పొరలు లోతుగా కనబడతాయట. నల్లద్దం ఉన్న కన్ను బొమ్మని ఒక్క క్షణం ఆలస్యంగా చూస్తుంది, అదే కిటుకు. వెంటనే మా ఆవిడ పాత చలువ కళ్లద్దాల్లోంచి ఒక అద్దం ఊడబీకాం. పాతవి కావట, ఆ విషయం తర్వాత తెలిసింది.

కిట్టు గారూ, అద్దం కుడి కంటికా ఎడమ కంటికా? మేం ఎడమకి పెట్టాం. చెట్లు మా అమ్మాయికి ముందుకొచ్చాయట, నాకు తలనొప్పి వచ్చింది.

కీఫ్రేమ్_కిట్టు:
బ్యాక్‌గ్రౌండ్ ఎటు జరుగుతుందో దాన్నిబట్టి కన్ను మారుతుందండీ. రెమి ఎటు నడుస్తున్నాడో చూసుకుని రెండో కంటికి మార్చి చూడండి. ముందు ఆవిడకి కొత్త కళ్లద్దాలు కొనండి.