నాన్నగారి అంబాసిడర్ అమ్మేయాలా, ఉంచాలా?

రావులపాలెం అబ్బాయి:
నాన్నగారి 1972 మోడల్ అంబాసిడర్, మార్క్ 2, మా కొబ్బరితోట షెడ్డులో ఉందండి. ఆయన పోయి ఆరేళ్లయింది. మొన్న హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చి చూసి లక్షా ఎనభై వేలు ఇస్తానన్నాడు. అన్నయ్య ఇచ్చేద్దామంటాడు. ఇంకో పదేళ్లు ఆగితే పది లక్షలు పలుకుతుందని నేనంటాను. ఇంట్లో రోజూ ఇదే గొడవ. పాత కారుని ఆస్తి కింద లెక్కేసుకోవచ్చా?

ఉండి రాజు:
అమ్మకండి. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. కొత్తవి రావు, ఉన్నవి తుక్కులోకి పోతున్నాయి. మన చేలకి రేటెందుకు పెరిగింది? కొత్తగా భూమి పుట్టదు కాబట్టే కదా. 2022లో పాత మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ ఒకటి 13.5 కోట్ల యూరోలకు పోయింది. మన లెక్కలో వెయ్యి కోట్ల పైమాటే.

యానాం షెడ్డు:
రాజుగారూ, మీరు చెప్పిన ఆ మెర్సిడెస్ కూపేలు మొత్తం చేసిందే రెండు. అంబాసిడర్‌ని యాభై ఏళ్ల పైగా చేస్తూ వచ్చారు, ఊరికి నాలుగు తిరిగేవి. పందెం పుంజు రేటు విని ఫారం కోడికి బేరం పెడతానంటే ఎలాగండీ?

ముప్పై ఏళ్లుగా పాత బండ్లు బాగుచేసే పనిలోనే ఉన్నాను. నేను చూసినంతలో, కాలేజీ రోజుల్లో కొనలేక చూస్తూ ఉండిపోయినవాళ్లు నలభై, యాభైల్లో డబ్బొచ్చాక ఆ బండి వెతుక్కుంటూ వస్తారు. రేటు లేచేది అప్పుడే. విదేశాల్లోనూ అంతే, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కార్ల మీద మోజు తగ్గి, 80లు, 90ల కార్ల వైపు మళ్లింది. ఇక్కడ ఆర్‌ఎక్స్ 100 చూడండి. 1996లో ఆగిపోయిన బండి, శుభ్రంగా ఉంటే కొత్త బైకు రేటు అడుగుతున్నారు. అంబాసిడర్ మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లు నా ఈడువాళ్లు. నాకు 63. పదేళ్ల తర్వాత మీ కారు కొనేదెవరు?

ఇక మన ఉప్పుగాలి సంగతి. అంబాసిడర్‌కి విడిగా చాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. తలుపుల కింద బద్దె, ఫ్లోరు తుప్పు పడితే కారే కుంగిపోయినట్టు. టింకరింగ్ పేరుతో పుట్టీ పూసి రంగు కొట్టేస్తే పెళ్లికూతురిలా మెరుస్తుంది, రెండు వర్షాకాలాలు దాటవు. చిన్న అయస్కాంతం చేతిరుమాల్లో చుట్టి తలుపుల అంచుల వెంట, చక్రాల పైన నెమ్మదిగా జరపండి. పట్టు వదిలిన చోట రేకు లేదు, పుట్టీ ఉందన్నమాట. మీ హైదరాబాద్ ఆయన జేబులో అది ఉండే ఉంటుంది.

ఇంజన్ ఒరిజినలేనా? ఆర్‌సీ ఎవరి పేరున ఉంది?

రావులపాలెం అబ్బాయి:
ఆర్‌సీ ఇంకా నాన్నగారి పేరునే ఉందండి. ఇంజన్... పెట్రోలు భరించలేక 1989లో డీజిల్‌ది వేయించారు. ఆర్‌సీలో ఎక్కించలేదు.

యానాం షెడ్డు:
అదీ సంగతి. 2021లో కేంద్రం పాతకాలపు బండ్లకి వింటేజ్ రూలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, ఇంజన్, బాడీ పెద్దగా మార్చకుండా ఉంటేనే వింటేజ్ రిజిస్ట్రేషన్. ఫీజు ఇరవై వేలు, పదేళ్లు చెల్లుతుంది. మీది వయసులో పాసు, ఇంజన్ దగ్గర ఫెయిలు.

ఉండి రాజు:
పాత పెట్రోలు ఇంజన్ వెతికి మళ్లీ బిగించుకోవచ్చు కదా. పెళ్లిళ్లకి అద్దెకిస్తే ఖర్చు తిరిగొస్తుంది.

యానాం షెడ్డు:
వింటేజ్ రిజిస్ట్రేషన్‌తో వ్యాపారం కుదరదండీ. రోజువారీ తిరగడానికీ లేదు. ప్రదర్శనలకి, ర్యాలీలకి తీసుకెళ్లొచ్చు, పెట్రోలు కొట్టించుకోవచ్చు, రిపేరుకి తేవచ్చు. ఇంజను, టింకరింగు, రంగు, సీట్లు కలిపి లెక్కేస్తే మీకొచ్చిన బేరం దాటిపోతుంది. చేయించినవాళ్లని చూశాను, పెట్టింది తిరిగొచ్చినవాడు ఒక్కడూ లేడు.

ఉండి రాజు:
అన్నీ రూపాయల్లోనే చూస్తే ఎలాగండీ. మా అక్క పెళ్లికి నరసాపురం రేవులో అంబాసిడర్‌ని పంటు పడవ ఎక్కించి సఖినేటిపల్లి దాటించాం. గోదావరి మధ్యలో డ్రైవరు హారన్ కొడితే పంటు మీదున్న జనమంతా నవ్వారు. ఆ కారు అమ్మి ఇరవై ఏళ్లయింది, అమ్మ ఇప్పటికీ తిడుతుంది.

యానాం షెడ్డు:
ముచ్చట కోసం ఉంచుకుంటానంటే నేను కాదననండి, షెడ్డుకి తీసుకురండి, చేసిపెడతా. ఆస్తి అంటేనే ఒప్పుకోను.

రావులపాలెం అబ్బాయి:
పొద్దున ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసి అన్నయ్యా నేనూ షెడ్డుకి వెళ్లామండి. బోనెట్ మీద, పైకప్పు మీద గట్టిగా పట్టింది. ఎడమ వెనక తలుపు కింద జానెడు మేర జారి కింద పడింది. రెండోసారి పెట్టినా అంతే. అన్నయ్య నవ్వుతాడనుకున్నా, నవ్వలేదు. నాన్నగారు ఎప్పుడూ కూర్చునేది ఆ పక్కనే. ముందు ఆర్‌సీ మా పేరున మార్పిద్దామన్నాడు. అమ్మడం గురించి ఎత్తలేదు, నేనూ అడగలేదు.