లైనక్స్ కెర్నెల్ ప్యాచ్‌కు కమిట్ సందేశం ఎలా ఉండాలి?

ప్రశ్న: లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేంద్రభాగమైన కెర్నెల్‌లోని ఒక యూఎస్‌బీ డ్రైవర్‌కు చిన్న సవరణ (ప్యాచ్) పంపదలిచాను. కోడ్ చూస్తేనే మార్పు అర్థమవుతున్నప్పుడు, కమిట్ సందేశం (మార్పుతో పాటు నమోదయ్యే వివరణ) వివరంగా ఉండాలని మెయింటెయినర్లు, అంటే మార్పులను పరిశీలించి చేర్చుకునేవారు, ఎందుకు పట్టుబడతారు?

జవాబు: ఏం మారిందో కోడ్ చెబుతుంది గాని, ఎందుకు మారిందో చెప్పదు, కొన్నేళ్ల తర్వాత గిట్ బ్లేమ్‌తో (కోడ్‌లోని ఏ వరుసను ఎవరు, ఏ కమిట్‌లో మార్చారో చూపే ఆదేశంతో) ఆ వరుస పుట్టుపూర్వోత్తరాలు వెతికేవారికి, అప్పటికి మీరు అందుబాటులో లేకపోయినా, ఆ సందేశమే ఆధారం. మొదటి వరుసలో సబ్‌సిస్టమ్ (మార్పు చేసిన కెర్నెల్ విభాగం) పేరు, కోలన్, ఆపై సారాంశం రాయండి. అది 70-75 అక్షరాలు దాటకూడదు, క్రియ ఆజ్ఞార్థకంలో ఉండాలి. ఒక ఖాళీ వరుస వదిలి, దోషం ఏ పరిస్థితిలో తలెత్తుతుందో, వాడుకరికి ఎలా కనిపిస్తుందో వివరించండి. నా దృష్టిలో అసలు విలువ ఈ భాగానిదే.

మరో జవాబు: దోషం ఏ కమిట్‌తో మొదలైందో తెలిస్తే, ‘ఫిక్సెస్’ ట్యాగ్‌లో దాని హ్యాష్‌లోని (కమిట్‌ను గుర్తించే సంకేతంలోని) కనీసం మొదటి 12 అక్షరాలనూ శీర్షికనూ ఇవ్వండి. మీ సవరణను ఏయే పాత స్టేబుల్ వెర్షన్లలో చేర్చాలో తేల్చుకోవడానికి అది ఎంతో ఉపకరిస్తుంది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. చివర ‘సైన్డ్-ఆఫ్-బై’ తప్పనిసరా?

జవాబు: తప్పనిసరే. 2004లో ప్రవేశపెట్టిన ఆ వరుస, ఈ కోడ్‌ను అందించే హక్కు మీకుందని మీరిచ్చే ధ్రువీకరణ. గిట్ కమిట్ ఆదేశానికి ‘-s’ (చిన్న అక్షరం) జోడిస్తే అదే చేరుతుంది.