సమస్య: తీగ సడలఁ బాట తీపి పెరిగె

ఆటవెలది సరి పాదం ఇచ్చాను. యతి తీ–తీ. విషయం ఇంగ్లిష్ గాయకుడు, గిటారిస్టు నిక్ డ్రేక్ మూడో ఆల్బమ్ ‘పింక్ మూన్’. 1971 అక్టోబరులో లండన్ సౌండ్ టెక్నిక్స్ స్టూడియోలో రెండు రాత్రుల్లో రికార్డయి, 1972 ఫిబ్రవరిలో విడుదలైంది. 11 పాటలు, 28 నిమిషాలు. ఆయన బతికుండగా కొన్నవాళ్లు తక్కువ. 1974లో 26 ఏళ్లకే పోయారు. తీగ సడలితే అపశ్రుతి రావాలి గదా, తీపి ఎలా పెరిగింది?

పూరణ 1

ఆరవది దిగంగ నాధార షడ్జమై
మంద్రమందు గొంతు మసలుచుండె
డ్రేకు చేతిలోన రేలు రెండిటిలోనె
తీగ సడలఁ బాట తీపి పెరిగె

వ్యాఖ్య: సమస్యలోని విరోధాన్ని శ్రుతితోనే విడగొట్టారు, భేష్. టైటిల్ పాటకు గిటారిస్టులు వాడే శ్రుతి ఆరో తీగ (అన్నిటికన్నా లావుది) నుంచి సి–జి–సి–ఎఫ్–సి–ఇ. సి షడ్జమనుకుంటే స–ప–స–మ–స–గ. గిటారు మామూలు శ్రుతి నుంచి ఆరోది నాలుగు మెట్లు (మెట్టంటే ఒక ఫ్రెట్, అర్ధస్వరం), 5, 4, 3 తీగలు రెండేసి మెట్లు దిగుతాయి. రెండోదాన్ని మాత్రం ఒక మెట్టు బిగించాలి, ఒకటోది కదలదు. డ్రే–రే యతి బాగా కుదిరింది. ఒక్క లోపం: ‘షడ్జమై’కి కర్త తీగ, ‘మసలుచుండె’కు కర్త గొంతు, అన్వయం తెగింది. ‘షడ్జమౌ’ అంటే గణం చెడదు, వాక్యం అక్కడే ముగుస్తుంది.

పూరణ 2

వాద్యబృందమేల? వట్టి గిటారు చాల్
ఒక్కచోట మాత్రమొలికెఁ బియనొ
వయొలినుల తెరలవి వైదొలగిన వేళ
తీగ సడలఁ బాట తీపి పెరిగె

వ్యాఖ్య: తీగను వయొలిన్ల తీగగా మలచడం కొత్త ఊహ. ముందటి రెండు ఆల్బమ్‌లలో రాబర్ట్ కిర్బీ కూర్చిన తీగవాద్యాలున్నాయి, ఇందులో లేవు. ‘తెరలవి’లో ‘అవి’ గణపూరకం. ‘పియనొ’ చెవికి గుచ్చుకుంటోంది. పియానో ఉన్నది మొదటి పాటలోనే కనుక ‘ఆది పాటకే పియానొ యమరె’ అనండి. ఆ–యా యతి చెల్లుతుంది, మాటా నిజమవుతుంది.

పూరణ 3

తీగ వదులు చేసి కాపో బిగించిన
రెండు మెట్లు జరిగి రేగు రవము
లావు తీగఁ గట్టి లక్షణముగ మీటు
తీగ సడలఁ బాట తీపి పెరిగె

వ్యాఖ్య: మొదటి పాదంలో తీ–కా యతిభంగం. పైగా తీగ మూడుసార్లు వచ్చింది. విషయం మాత్రం గట్టిది. ఆరో తీగ నాలుగు మెట్లు దిగితే బిగువు దాదాపు 37 శాతం పడిపోతుంది. గట్టిగా మీటితే తీగ మెట్లకు తగిలి జరజరలాడుతుంది. 0.053 అంగుళాల మందమున్నది తీసి 0.056ది వేస్తే కాస్త నిలుస్తుంది. కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే బిగింపు) రెండో మెట్టు మీద పెట్టాక శ్రుతి మళ్లీ సరిచూడాలి. వదులు తీగ ఆ నొక్కుడుకు సులువుగా పైకి జరుగుతుంది, ముఖ్యంగా ఆరోది.

పూరణ 3 రాసిన సభ్యుడు: ధన్యవాదాలండీ. మొదటి పాదం సవరించాను:
కమ్మి వదులు చేసి కాపో బిగించిన

వ్యాఖ్య: క–కా సరిపోయింది, ఒక తీగా తగ్గింది.