విదేశీ లా ఫర్మ్ నుంచి నోటీసు, అదే వారంలో డేటా లీకు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

రాతబల్ల | సోమవారం 11:50
మాది ఏడుగురం నడిపే చిన్న న్యూస్ సైటు. ఒక వ్యాపారి మీద రాసిన కథనానికి లండన్ నుంచి ఒక అంతర్జాతీయ లా ఫర్మ్ తొమ్మిది పేజీల లేఖ పంపింది. పరువు నష్టం, గోప్యతకు భంగం, డేటా రక్షణ చట్టం... మూడూ కలిపి పెట్టారు. కథనం తీసేసి క్షమాపణ వేయాలట, ఏడు రోజులు గడువు. ఈ టెన్షన్‌లో ఉండగానే మా న్యూస్‌లెటర్ చందాదారుల ఈమెయిళ్లు లీకయ్యాయని తెలిసింది. వాళ్లలో యూరప్ వాళ్లు చాలామంది, వాళ్లకోసమే వేరే ఎడిషన్ నడుపుతున్నాం. మేమూ పెద్ద ఫర్మ్‌నే పెట్టుకోవాలా? బిల్లు ఎలా వేస్తారు? లీకు సంగతి ముందు ఎవరికి చెప్పాలి?

పాతడెస్కు | 12:04
లేఖ పైన "వ్యక్తిగతం, రహస్యం, ప్రచురణకు కాదు" అని ఉందా? నాకు వచ్చినదాని మీద పెద్దక్షరాల్లో ఉంది. అది చూసి భయపడి మూడు వారాలు ఇంట్లో కూడా చెప్పలేదు. ఆ ముద్ర వేసినంత మాత్రాన మన నోటికి తాళం పడదు. ఇంగ్లండ్‌లో సొలిసిటర్లను (అక్కడి లాయర్లను) నియంత్రించే ఎస్‌ఆర్‌ఏ, నోరు నొక్కడానికి వేసే దావాల గురించి 2022 నవంబర్‌లో హెచ్చరిక నోటీసు ఇచ్చింది. ఇలాంటి ముద్రలు ఊరికే వేయొద్దని అందులో ఉంది.

ఇంకోటి, కథనం తేదీ చూసుకోండి. అక్కడ పరువు నష్టం దావాకి గడువు ఏడాదే. నాది పద్నాలుగు నెలల కిందటి కథనం. ఆ ఒక్క ముక్క రాసి పంపాను. మళ్లీ ఉలుకూ పలుకూ లేదు.

గంటలలెక్క | 12:15
ఇలాంటి ఫర్మ్‌లో మీడియా, టెక్నాలజీ, ప్రైవసీ విభాగంలో ఐదేళ్లు చేశాను. మూడూ ఎందుకు కలుపుతారో పాతడెస్కు గారి మాటలోనే ఉంది. పరువు నష్టానికి ఏడాది, డేటా రక్షణకీ గోప్యతకీ ఆరేళ్లు. ఒక తలుపు మూసుకుపోతే ఇంకో తలుపు. 2013 డిఫమేషన్ చట్టం వచ్చాక తీవ్రమైన హాని జరిగిందని, కంపెనీ అయితే తీవ్రమైన ఆర్థిక నష్టమని చూపాలి. మీరు అక్కడ లేరు కాబట్టి, కేసు వినడానికి ఇంగ్లండే స్పష్టంగా తగిన చోటు అని కూడా కోర్టును ఒప్పించాలి.

బిల్లు సంగతి. గంటని పది ముక్కలు చేస్తారు, 6 నిమిషాలకి ఒక యూనిట్. మీరు "అందిందా సార్?" అని రెండు ముక్కల మెయిల్ పెట్టినా టైమ్‌షీట్‌లో 0.1 పడుతుంది. నేనే వేసేదాన్ని. అందుకే రోజుకి ఒకే మెయిల్ పెట్టండి, ప్రశ్నలన్నీ అందులోనే. మొదటి జవాబు వరకు ఇంత అని ముందే మాట్లాడుకోండి.

కాంప్లయన్స్‌గురు | 12:21
పన్నెండేళ్లుగా ఇదే పని నాది, సూటిగా చెప్తున్నా. లేఖ పక్కన పెట్టండి. జీడీపీఆర్ (యూరప్ డేటా రక్షణ చట్టం) ప్రకారం లీకు సంగతి 72 గంటల్లో అక్కడి డేటా రక్షణ రెగ్యులేటర్‌కి చెప్పాలి. మొదటి అలర్ట్ మోగిన క్షణం నుంచే లెక్క. దాటితే టర్నోవర్‌లో 4 శాతం జరిమానా.

లాగ్‌చూసేవాడు | 12:29
గురుగారూ, అలర్ట్ మోగగానే కాదు. నేను రాత్రి షిఫ్టులో సర్వర్ లాగ్‌లు, అంటే సర్వర్‌లో ఎప్పుడు ఏం జరిగిందో ఉండే రికార్డులు, చూసేవాణ్ణి. రాత్రికి వందల అలర్ట్‌లు మోగుతాయి, ఒక్కటీ లీకు కాకపోవచ్చు. వ్యక్తిగత సమాచారం నిజంగా బయటికి పోయిందని తగినంత నమ్మకంగా తెలిసినప్పటి నుంచే గడియారం. యూరప్ డేటా రక్షణ బోర్డు మార్గదర్శకాల్లోనే ఉంది.

కాంప్లయన్స్‌గురు | 12:33
ఆ వాక్యం పట్టుకుని వారాలు సాగదీసిన ఇంజినీర్లను చాలామందిని చూశాను. తెలిసీ తెలియనట్టు నటించడానికి మీలాంటివాళ్లే దారి చూపిస్తారు.

లాగ్‌చూసేవాడు | 12:37
నన్ను నటన అంటారా? శనివారం తెల్లవారుజామున మూడింటికి లీకు కనిపెట్టి చెప్తే, సోమవారం దాకా ఆగమన్నది పై ఆఫీసులో కాంప్లయన్స్ వాళ్లే, చట్టాలు పాటిస్తున్నామో లేదో చూసేవాళ్లే. ఆదివారం మొత్తం ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. మాట జాగ్రత్త.

గంటలలెక్క | 12:42
ఇద్దరూ ఆగండి. పరిశీలించడానికి కొద్ది సమయం ఉంటుంది, కానీ పరిశీలన వెంటనే మొదలుపెట్టాలి. శని, ఆదివారాలు 72 గంటల్లో కలిసే ఉంటాయి. జరిమానా లెక్క కూడా తప్పు గురుగారూ. రెగ్యులేటర్‌కి చెప్పకపోవడానికి గరిష్ఠం కోటి యూరోలు లేదా 2 శాతం, ఏది ఎక్కువైతే అది. 4 శాతం మూల సూత్రాలు, వ్యక్తుల హక్కుల్లాంటి వాటిని ఉల్లంఘిస్తే.

కెమెరాకన్ను | 12:46
లీకుల సంగతి నాకు తెలియదు కానీ నోటీసుకి భయపడి తీసేయకండి. నా డాక్యుమెంటరీ మీద డీఎంసీఏ (అమెరికా కాపీరైట్ చట్టం) కింద ఫిర్యాదు పెట్టి వీడియో లేపేశారు. అందులో ప్రతి షాట్ నేను తీసిందే. ఆ ఫిర్యాదు తప్పంటూ కౌంటర్ నోటీసు ఇచ్చాను. అవతలివాళ్లు కోర్టుకి వెళ్లకపోతే 10 నుంచి 14 పనిదినాల్లో తిరిగి పెట్టాలని ఆ చట్టంలోనే ఉంది. పదకొండో రోజు పొద్దున వీడియో కనపడితే ఏడ్చేశాను.

నిమ్మళం | 12:51
అది కాపీరైట్ కదండీ, ఇక్కడ పరువు నష్టం. ఆ వ్యాపారి రేపు సెర్చ్‌లో కనపడకుండా చేయమని కూడా అడగొచ్చు. 2014లో యూరప్ కోర్టు గూగుల్ స్పెయిన్ కేసులో ఇచ్చిన హక్కు అది. అప్పుడు కూడా పేరు కొడితే వచ్చే లింకు పోతుందే గానీ మీ సైటులో కథనం ఉంటుంది.

రాతబల్ల | 12:58
అందరికీ థాంక్సండీ. ఒక సంగతి రాయలేదు. లీకైంది మా దగ్గర కాదు, మెయిళ్లు పంపే సర్వీసు వాళ్ల దగ్గర. వాళ్లు శుక్రవారం సాయంత్రం 6:40కి మెయిల్ పెట్టారు. అది అందరికీ ఉమ్మడిగా ఉన్న ఇన్‌బాక్స్‌లో పడింది, వారాంతంలో ఎవరూ తెరవలేదు. నేను ఇవాళ 9:15కి చూశాను. ఈమెయిళ్లే కదా, అసలు చెప్పాలా?

పాతడెస్కు | 13:01
ఈమెయిళ్లే కదా అనకండి దయచేసి! న్యూస్ సైటు చందాదారుల్లో మీకు సమాచారం ఇచ్చేవాళ్లు ఉంటారు. ఆఫీసు మెయిల్‌తో చేరిన ఉద్యోగి ఒక్కడున్నా, అతని యజమాని ఆ జాబితా చూస్తే చాలు. నా సోర్సు ఒకాయన ఉద్యోగం అలాగే పోయింది.

గంటలలెక్క | 13:06
రాతబల్ల గారూ, అన్నీ పక్కన పెట్టండి. సర్వీసు వాళ్లు మీకు చెప్పిన క్షణమే మీకు తెలిసినట్టు లెక్క. మెయిల్ తెరవలేదన్న వాదన నిలవడం కష్టం. శుక్రవారం 6:40 నుంచి 72 గంటలంటే ఇవాళ సాయంత్రం 6:40. అన్ని వివరాలూ అక్కర్లేదు. తెలిసినంత పంపి మిగతాది విడతలుగా ఇవ్వొచ్చని చట్టంలోనే ఉంది.

యూరప్‌లో మీకు ఆఫీసు ఉందా? లేకపోతే ఒక్క రెగ్యులేటర్‌కి చెప్తే సరిపోదు. చందాదారులు ఉన్న ప్రతి దేశంలోనూ విడిగా చెప్పాలి. పెద్ద ఫర్మ్ నిజంగా పనికొచ్చేది ఇక్కడే, అన్ని చోట్లా మనుషులుంటారు. లండన్ లేఖకి మీడియా చట్టం మాత్రమే చేసే చిన్న ఆఫీసు చాలు.

కాంప్లయన్స్‌గురు | 13:14
జరిమానా శాతం నాదే పొరపాటు. రాతబల్ల గారూ, ఫారంలో శుక్రవారం 6:40 అనే రాయండి, 9:15 అని కాదు. ఎవరు ఎప్పుడు తెరిచారో స్క్రీన్‌షాట్‌తో సహా దాచండి. అలర్ట్ విషయంలో మాత్రం నా మాట అదే.

లాగ్‌చూసేవాడు | 13:17
సర్వీసు వాళ్ల నుంచి లాగ్‌లు ఇప్పుడే అడగండి. చాలాచోట్ల కొన్ని రోజులకే చెరిగిపోతాయి. ఆ టైము ఏ టైమ్‌జోనో కూడా అడగండి. గురుగారి మాట గురించి నేను ఇంకేమీ అనను.

రాతబల్ల | 18:22
ఆఫీసు లేదు. నాలుగు దేశాల రెగ్యులేటర్లకి మొదటి విడత పంపేశాం, ఆఖరిది 6:05కి. చందాదారులకి రాసే మెయిల్ ఇప్పుడు మొదలుపెట్టాం. లండన్ లేఖకి ఇంకా నాలుగు రోజులుంది. పాతడెస్కు గారూ, మా కథనం వేసి పది నెలలే. మీరు పంపిన జవాబులో పేర్లు తీసేసి పెడతారా?

పాతడెస్కు | 18:40
వెతుకుతున్నాను. రాత్రిలోపు పెడతాను.

కెమెరాకన్ను | 18:43
నా కౌంటర్ నోటీసు నమూనా కూడా కావాలా ఎవరికైనా?