నీళ్ళు తెచ్చిన పిల్లకి పోస్టరు మీద పేరు లేదు

ప్రశ్న (శ్రీకాకుళం, ఒక తల్లి):
మా అమ్మాయి తొమ్మిదో తరగతి. నలుగురు కలిసి నాగావళి నీళ్ళ మీద ప్రాజెక్టు చేశారు. ఎండలో రేవులకి తిరిగి నమూనాలు తెచ్చిందీ, పీహెచ్ కొలిచి నోటుపుస్తకంలో రాసిందీ మా పిల్లే. పోస్టరు మీద మాత్రం స్టేజీ ఎక్కి మాట్లాడిన ఇద్దరి పేర్లే వేశారు. రాత్రంతా ఏడ్చింది. సర్‌ని అడగాలంటే నాకు టెన్షన్‌గా ఉంది. ఎలా అడగాలి?

జవాబు (బొబ్బిలి, సైన్సు టీచర్):
తప్పకుండా అడగండమ్మా. ఆ నోటుపుస్తకం పట్టుకెళ్ళండి. తేదీ, రేవు, రీడింగు అన్నీ పాప చేతిరాతలో ఉన్నాయి కదా, అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? పెద్ద పరిశోధన పత్రికలు చాలావాటిలో ఇప్పుడు 'క్రెడిట్' అనే పద్ధతి ఉంది. పనిని 14 రకాలుగా విడదీసి, ఎవరు ఏది చేశారో రాస్తారు. డేటా సేకరించడం కూడా అందులో లెక్కే. మా బడిలో పోస్టరు కింద నేను అలాగే రాయిస్తాను: నమూనాలు ఎవరు, లెక్కలు ఎవరు, బొమ్మలు ఎవరు అని.

జవాబు (రాజాం):
1967లో పల్సార్ (క్రమం తప్పకుండా రేడియో సంకేతాలు పంపే ఒక రకం నక్షత్రం) సంకేతాన్ని మొదట గమనించింది జోసిలిన్ బెల్ అనే విద్యార్థిని. 1974 నోబెల్ ఆమె గైడుకి ఇచ్చారు, ఆమెకి ఇవ్వలేదు. దాని మీద ఇప్పటికీ వాదన నడుస్తోంది. మీరు ఊరుకోకండి అక్కా.

ప్రశ్న అడిగిన తల్లి:
సోమవారం వెళ్తాను. గ్రాఫులు గీసిన బాబు పేరు కూడా లేదు, అతని గురించీ అడుగుతాను.