బోరు నీళ్ళ తెల్ల మరకలు వదలడం లేదు, ఏం చేయాలి?

నమస్కారమండీ. మాది హైదరాబాద్ నిజాంపేటలో పాత అపార్ట్‌మెంట్. మంజీరా నీళ్ళు వంటింటి వరకే, మిగతాదంతా బోరే. కుళాయిలు, షవర్, బాత్రూమ్ అద్దాల తలుపు, అన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. షవర్‌లో సగం రంధ్రాలు పూడిపోయి, నాకంటే గోడకే ఎక్కువ స్నానం చేయిస్తోంది.

వెనిగర్‌లో తడిపిన గుడ్డ అరగంట చుట్టి ఉంచితే కుళాయిలు బాగానే వచ్చాయి. అద్దం మీది పాత మరకలు మాత్రం కదలడం లేదు. నిమ్మచెక్క, వంటసోడా అన్నీ అయ్యాయి.

అసలు పొరపాటు గడప దగ్గర జరిగింది. మా అత్తయ్య వద్దంటున్నా వినకుండా బాత్రూమ్ యాసిడ్ పోశాను. అది తాండూరు బండ! బుసబుసా పొంగింది, నునుపంతా పోయి పాలిపోయిన మచ్చ మిగిలింది. తాండూరు బండ కూడా సున్నపురాయే కదా, మరకతో పాటు రాయినీ తినేసింది. ఇప్పుడు ఆవిడ ముందు తలెత్తలేకపోతున్నాను.

అద్దానికి నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వాడినవాళ్ళు లీటరు నీళ్ళకు ఎంత కలిపారు? గీతలు పడకుండా దేనితో రుద్దాలి? ఆ బండకు మళ్ళీ పాలిష్ పట్టించవచ్చా, మార్చాల్సిందేనా? ఇల్లంతటికీ సాఫ్ట్‌నర్ (నీళ్ళలో సున్నం తగ్గించే యంత్రం) పెట్టించినవాళ్ళుంటే, అందులో ఉప్పు ఎన్నాళ్ళకోసారి పోయాల్సి వస్తోందో కూడా చెప్పండి.