మూడేళ్ల పాపతో లేహ్ వెళ్లవచ్చా?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు):
మే నెలాఖరుకు లద్దాఖ్‌లోని లేహ్‌కు విమాన టికెట్లు తీసుకున్నాం. పాపకు మూడేళ్లు. ఇంతవరకు ఎక్కిన కొండల్లా తిరుమల ఒక్కటే. లేహ్‌లో ఆక్సిజన్ ఉండదని మా అత్తగారు ఒకటే గొడవ. వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పల్స్ ఆక్సీమీటరు కొన్నాను. అంకె ఎంతకు దిగితే కంగారు పడాలి?

సత్యనారాయణపురం, విజయవాడ:
అమ్మా, మావారి ఉద్యోగం వల్ల లేహ్‌లో రెండేళ్లు కాపురం చేశాను. ఆక్సిజన్ లేకపోవడమేమీ లేదు. గాలిలో దాని పాలు అక్కడా 21 శాతమే. కాని ఆ ఊరు సుమారు 3,500 మీటర్ల ఎత్తు. గాలి ఒత్తిడి మన బెజవాడలో ఉన్నదానికి మూడింట రెండు వంతులే. అంటే ప్రతి ఊపిరిలో మూడో వంతు ఆక్సిజన్ తగ్గినట్టే. తిరుమల 850 మీటర్లే, దానితో పోల్చుకోవద్దు.

మా అక్క మనవడు వచ్చిన రాత్రి ఆక్సీమీటరు 78 చూపించింది. ఇంట్లో ఏడుపులు! తీరా చూస్తే వాడి వేళ్లు చల్లగా కొయ్యబారి ఉన్నాయి. చేతులు రుద్ది, వెచ్చబడ్డాక కదలకుండా పట్టుకుంటే 89. కొత్తగా వచ్చినవారికి తొంభైకి అటూ ఇటూ ఉండడం అక్కడ మామూలే. గుంటూరులో 98 చూసిన కళ్లకు గుండె ఆగుతుంది, అంతే. అంకె కన్నా పిల్లను చూడండి. ఆ వయసుకు తలనొప్పి అని చెప్పడం రాదు. అన్నం వద్దంటుంది, ఆడదు, కక్కుతుంది, ఊరికే ఏడుస్తుంది. మేము వాడి పేచీని ప్రయాణ బడలిక అనుకున్నాం. అది ఎత్తు చేసిన పని. రెండు రోజులు ఇల్లు కదలనివ్వలేదు. మూడో రోజుకు పెరుగన్నం అడిగాడు.

ప్రశ్న అడిగినవారు:
లేహ్ పైనున్న ఖర్దుంగ్‌లా కనుమ కూడా అనుకున్నామండీ...

సత్యనారాయణపురం:
5,300 మీటర్ల పైమాట. ఫొటో కోసం పిల్లను అక్కడికి తీసుకువెళ్తారా? మానుకోండి.

పిల్లల వార్డు నర్సు, గుంటూరు:
బయలుదేరే ముందు జలుబు, దగ్గు ఉంటే వాయిదా వేయండి. అలాంటప్పుడు ఊపిరితిత్తుల్లో నీరు చేరే ముప్పు ఎక్కువ. అక్కడ పడుకున్నా డొక్కలు ఎగరేస్తున్నా, పెదవులు నీలంగా మారినా, మగతగా ఉన్నా ఆక్సిజన్ పెట్టించి వెంటనే కిందికి దించాలి. తెల్లారనీ అనుకోవద్దు. పుట్టుకతో గుండె లోపం ఉన్నా, నెలలు నిండకుండా పుట్టినా డాక్టరును అడగకుండా కదలవద్దు.

పటమట:
మేము ఎత్తు మెల్లగా అలవాటు కావాలని శ్రీనగర్ నుంచి రోడ్డున, దారిలో కార్గిల్‌లో రెండు రాత్రులు ఆగి లేహ్ వెళ్లాం. బాబు హాయిగా ఉన్నాడు.

ప్రశ్న అడిగినవారు:
టికెట్లు శ్రీనగర్‌కు మార్చాం. అన్నట్టు, మే నెలలో గుంటూరులో ఉన్ని చేతితొడుగులు ఎక్కడ అమ్ముతారు?